సోఫా పక్కన మూల

పోయినేడాది దసరాకి మా ఫ్లాట్లోకి ఓ మొక్క వచ్చింది. ధర 2,800 రూపాయలు, డెలివరీ చార్జీ వేరే. సంక్రాంతి నాటికి దానికి మిగిలిన ఆకులు మూడు. కచ్చితంగా చెప్పాలంటే రెండున్నర. మూడోది అప్పటికే సగం ఎండిపోయింది.

దాని పేరు ఫిడిల్ లీఫ్ ఫిగ్. పేరు తెలియకపోయినా రూపం మీకు తెలిసే ఉంటుంది. తెల్ల గోడ, బూడిద రంగు సోఫా, సోఫా పక్కన మూలలో మనిషెత్తు మొక్క, విస్తరాకుల్లాంటి పెద్ద పెద్ద ఆకులు. ఇంటీరియర్ ఫోటోలు ఎక్కడ చూసినా ఇదే సీను. రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు ఫోన్లో అలాంటివి చూసీ చూసీ, మా హాల్లోనూ సోఫా బూడిద రంగుదే, గోడ తెల్లదే, ఇక తక్కువైంది ఆ మొక్కొక్కటే అనే నిర్ణయానికొచ్చేశా. మేం ఉండేది నిజాంపేటలో, అద్దె ఫ్లాట్లో. గోడకి మేకు కొట్టకూడదు, రంగు మార్చకూడదు. ఇది మన ఇల్లు అనిపించాలంటే మిగిలిన దారి మొక్కే కదా అని నా లాజిక్.

డబ్బా విప్పుతుంటే అమ్మ బాల్కనీ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని చూస్తోంది.

“ఏంటే అది, మర్రి మొక్కా?”

“మర్రి కాదమ్మా, ఫిగ్.”

“మర్రాకులాగే ఉంది మరి” అంది. ఎంతయిందని అడిగింది. ఎనిమిది వందలని చెప్పా. “ఎనిమిది వందలే!” అని బుగ్గలు నొక్కుకుంది. అసలు ధర ఈ కాలమ్ చదివితే తెలుస్తుంది. తెలియనివ్వండి.

అమ్మ గురించి కాస్త చెప్పాలి. మాది కడియం పక్కన ఊరు. రాజమండ్రి నుంచి కిందికి వస్తుంటే కాలవ గట్ల వెంబడి, కడియపులంక చుట్టుపక్కల, ఊళ్లకి ఊళ్లే నర్సరీలు. సంచులకి మట్టి నింపడం, అంట్లు కట్టడం, లారీలకి ఎత్తడం, అక్కడ చాలా ఇళ్లలో తెల్లారితే అదే పని. మాకు నర్సరీ లేదు, నాన్న టీచరు. కానీ పెరడు ఉండేది. నందివర్ధనం, మందారం, కరివేపాకు, రెండు కొబ్బరిచెట్లు, నూతి గట్టు వారన చేమ, కంద. పోయిన మే నెలలో నాన్న పోయారు. మూడు నెలలు అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆగస్టులో నేనే వెళ్లి బతిమాలి తీసుకొచ్చా. రెండు సూట్‌కేసులు, ఒక చిన్న ఇత్తడి గంగాళం తెచ్చుకుంది. ఫ్లాట్లో గంగాళం ఎందుకమ్మా అంటే వినలేదు. సరే అని తీసుకెళ్లి వాషింగ్ మెషీన్ వెనకాల పెట్టేశా.

వచ్చిన రోజు నుంచీ అమ్మ దీన్ని “మీ ఇల్లు” అనే అంటుంది. మీ ఇంట్లో స్టవ్ మంట ఎక్కువే, మీ ఇంటికి పాలవాడు రాడేంటే, ఇలాగ.

ఇక ఫిడిల్ లీఫ్ సంగతి. మొదటి వారం ఫోటోలు తీశా. ఆఫీస్ వీడియో కాల్లో నా వెనక అది కనిపించేలా కుర్చీ తిప్పుకున్నా. రెండో నెలలో ఆకుల మీద మచ్చలు మొదలయ్యాయి. నేను చేసిన పని, ఇంకాస్త నీళ్లు పోయడం. ఏం తోచనప్పుడు సర్వర్ రీస్టార్ట్ చేస్తాం చూడండి, అలాంటిదన్నమాట. ఆకు రాలింది. మళ్లీ నీళ్లు. ఇంకో ఆకు. డిసెంబర్‌లో ఒక రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే వెనక ఆకు నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. అంత పెద్ద ఆకు పడితే నిజంగానే చప్పుడవుతుంది.

సంక్రాంతి సెలవుల్లో కూర్చుని, మొక్క కొనేముందు చేయాల్సిన పని కొన్న మూడు నెలలకి చేశా. చదివా. మొదటి పేజీలోనే అమ్మ గెలిచింది. ఫిడిల్ లీఫ్ పశ్చిమ ఆఫ్రికా అడవుల చెట్టు. మర్రి, రావి, మేడి, జువ్వి, వీటన్నిటి శాస్త్రీయ నామాల్లో ఇంటిపేరు ఫైకస్. దీని ఇంటిపేరు కూడా అదే. మరి మర్రిని ఎవరైనా సోఫా పక్కన చీకటి మూలలో పెంచుతారా?

తర్వాత ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని పొద్దున పదకొండింటికి ఇల్లంతా తిరిగా. లక్స్ అంటే ఒక చోట ఎంత వెలుతురు పడుతుందో చెప్పే కొలత. ఫోన్ సెన్సర్‌ది పక్కా లెక్క కాదు గానీ, ఒక చోటుతో ఇంకో చోటు పోల్చుకోవడానికి చాలు. మిట్ట మధ్యాహ్నం ఆరుబయట ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. మా హాలు పొడవు పదహారడుగులు, వెడల్పు పదకొండు. వెలుతురు వచ్చేది తూర్పు బాల్కనీ తలుపులోంచే. ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్. బాల్కనీ తలుపు దగ్గర 3,200 వచ్చింది. హాలు మధ్యలో డైనింగ్ టేబుల్ దగ్గర 400. సోఫా పక్కన నా కలల మూలలో 70.

డెబ్బై. నేను రెండు మూడు సార్లు ఫోన్ తుడిచి మళ్లీ చూశా. ఎందుకంటే ఆ మూల నాకు చీకటిగా ఎప్పుడూ అనిపించలేదు. అక్కడ కూర్చుని పేపర్ చదువుకోవచ్చు. కిటుకు మన కంటిలో ఉంది. వెలుతురు తగ్గేకొద్దీ కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఈ మూలకీ ఆ తలుపుకీ తేడా రెండింతలో మూడింతలో అనుకుంటాం. అసలు తేడా నలభై అయిదింతలు. మనకి వెలుతురు చూడ్డానికి, మొక్కకి వంట చేసుకోవడానికి. నేనేమో దాని పొయ్యి కింద మంట తీసేసి, పైనుంచి బిందెడు నీళ్లు పోస్తూ ఎందుకు తినట్లేదని అడుగుతున్నా. ఆకుల్లో పని జరగకపోతే వేళ్లు నీళ్లు తాగవు. తాగని నీళ్లు మట్టిలో నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి. ఆకు మీద మచ్చ ఆ తర్వాతి సంగతి.

యాప్ కూడా అక్కర్లేదు. మధ్యాహ్నం పూట మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరిచి, అడుగు ఎత్తున చెయ్యి పెట్టండి. నీడ అంచులు గీసినట్టు కనిపిస్తే వెలుతురు బాగున్నట్టు. నీడ ఉండీ అంచులు చెదిరిపోతే మధ్యస్థం. నీడే పడకపోతే అక్కడ మొక్కకి బతుకు లేదు.

ఆ రోజు నేను చూసుకోని సంగతి ఇంకోటుంది. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ అంకె వచ్చిన చోట అమ్మ కుర్చీ ఉంది. వచ్చిన రోజే ఏ మీటరూ లేకుండా తనే ఎంచుకున్న చోటది. పొద్దున పేపరు అక్కడే, చిక్కుడుకాయలు ఒలవడం అక్కడే, చెల్లెలితో ఫోన్ అక్కడే.

ఫోన్ పట్టుకుని తిరుగుతున్న నన్ను చూసి ఏంటని అడిగింది. చెప్పా. అంతా విని, “అయితే నా కుర్చీ అటు గోడవైపు జరిపేసి దాన్ని ఇక్కడ పెట్టవే. నాకెక్కడైతేనేం” అంది.

మామూలుగానే అంది. దెప్పుపొడుపు ఏమీ లేదు. నిజంగానే లేచి కుర్చీ చేతులు పట్టుకుంది కూడా. నాకు మాత్రం చాలాసేపు మాట రాలేదు. ఆగస్టు నుంచి ఈ ఇంట్లో నేను చేసిందేంటో వరసగా గుర్తొచ్చింది. గంగాళం మెషీన్ వెనక్కి వెళ్లింది. హాల్లో బాగోదని అమ్మ దేవుడి పటాలు బెడ్‌రూమ్ అలమరలోకి వెళ్లాయి. తెచ్చుకున్న నవారు పట్టీల కుర్చీ సోఫాకి మ్యాచ్ అవ్వదని బాల్కనీ తలుపు దాకా వెళ్లింది. ఇప్పుడు అక్కడినుంచి కూడా, ఒక మర్రి మొక్క కోసం.

“నువ్వు కూర్చోమ్మా” అన్నా. ఫిడిల్ లీఫ్‌ని ఈడ్చుకెళ్లి బాల్కనీలో పెట్టేశా. ఇప్పటికీ అక్కడే ఉంది. రెండు కొత్త ఆకులు వేసింది. ఒక పక్కకి వంగిపోయి, చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు గానీ, బతికింది.

తర్వాతి ఆదివారం ఇద్దరం కలిసి నర్సరీకి వెళ్లాం. ఆటోలో అమ్మకి నా రూల్ ఒక్కటే చెప్పా: నచ్చినవి నువ్వు చూపించు, ఎక్కడ పెడతామో నేను చెప్తా, రెండూ కుదిరితేనే కొందాం. నర్సరీ అతను అరేకా పామ్ చూపిస్తూ “కడియం మాల్ మేడమ్” అన్నాడు. అమ్మ మొహం చూడాలి. ఏ నర్సరీ నుంచి, ఎన్నాళ్లయింది, మట్టి మీరు మార్చారా అని ఇంటర్వ్యూ మొదలెట్టింది. అతను చివర్లో నూటయాభై తగ్గించాడు.

అక్కడ నేను నేర్చుకున్న వాటిలో కొన్ని మీకూ పనికొస్తాయి. కడియం నుంచి వచ్చే మొక్క సాధారణంగా బరువైన మట్టి ముద్దలో ఉంటుంది. లారీ ప్రయాణానికి అది మంచిదే, వేళ్లు కదలవు. ఇంట్లో మాత్రం ఆ ముద్ద పైన ఎండినట్టు కనిపించి లోపల తడిగానే ఉంటుంది. ఇంటికి తెచ్చాక రెండు వారాలు అలవాటు పడనిచ్చి, తర్వాత కొబ్బరి పొట్టు, కాస్త ఇసుక, పశువుల ఎరువు కలిపిన వదులు మట్టిలోకి మార్చుకోవాలి. కొనేటప్పుడు ఆకు వెనక్కి తిప్పి చూడండి. కణుపుల దగ్గర తెల్లగా దూదిలా ఉంటే పిండినల్లి. ఆ ఒక్క మొక్క ఇంట్లో ఉన్న మిగతా వాటికీ అంటిస్తుంది. ఇప్పటికే వచ్చేసి ఉంటే లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం పూట కొట్టాలి, వారానికోసారి, మూడు వారాలు.

నేను అగ్లోనిమా దగ్గర ఆగా. ఎర్ర గీతలు, గులాబీ మచ్చలు, ఆకులోనే పువ్వున్నట్టు. పక్కన పీస్ లిల్లీ, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, మనీ ప్లాంట్, జెడ్‌జెడ్. ఇండోర్ అని బోర్డు పెట్టిన వరస. అమ్మ ఒక ఆకు కాడ వేళ్లతో పట్టుకుని చూసింది.

“ఇవన్నీ చేమ జాతే కదే!”

నిజం. ఇవన్నీ ఒకే కుటుంబం, చేమదుంప, కంద ఉండే కుటుంబమే. జెడ్‌జెడ్ చూస్తే అస్సలు అలా అనిపించదు గానీ, దాన్ని కుండీలోంచి తీస్తే కింద దుంపలు కనిపిస్తాయి. ఈ కుటుంబంలో చాలావరకు పెద్ద చెట్ల నీడన, తడి అడవుల్లో నేల దగ్గర పెరిగేవి. అందుకే మన హాల్లో చెదిరిన వెలుతురుకి అవి సర్దుకుంటాయి. మా పెరట్లో నూతి గట్టు నీడలో చేమ ఎందుకు ఏపుగా ఉండేదో అదే కారణం. ఇంటీరియర్ డిజైనర్లు లక్షలు తీసుకుని సర్దే మొక్కల్లో సగం మన చేమకీ కందకీ చుట్టాలన్నమాట.

చుట్టరికంతో పాటు దురద కూడా వస్తుంది. చేమలో, కందలో ఉండే కాల్షియం ఆక్సలేట్ సూదులు వీటిలోనూ ఉంటాయి. కందని చింతపండు వేసి వండేది ఆ దురద విరగడానికేగా. మనీ ప్లాంట్ ఆకు ఎవరూ వండుకోరు గానీ, పసిపిల్ల నోట్లో పెట్టుకుంటే నాలుక, పెదాలు వాచి ఏడుస్తుంది. ఇంట్లో కుక్కపిల్ల ఉన్నా అంతే. మా అన్నయ్య కూతురికి ఏడాదిన్నర. నెలకోసారి వస్తుంది, దొరికింది నోట్లో పెట్టుకోవడమే దాని ఉద్యోగం. అగ్లోనిమాని కింద పెడదామా అంటే అమ్మ వద్దంది. “కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఇక్కడ కత్తిపీట మన చంటిదే” అంది. దాంతో చేమ జాతి అంతా నడుమెత్తు దాటి పైకెక్కింది. చూడ్డానికీ అదే బాగుంది. కంటి ఎత్తులో ఉన్న ఆకు కాలి దగ్గరున్న ఆకుకంటే ఎక్కువ కనిపిస్తుంది కదా.

అందం సంగతికి వస్తే, నాకు ఫోటోల్లో ఇన్నాళ్లూ కనిపించనిది ఒకటి నర్సరీలో కనిపించింది. ఆ ఫోటోల్లో మొక్క ఒక్కటే ఉంటుంది. చుట్టూ ఖాళీ ఉంటుంది. నేనేమో అంతకుముందు 99 రూపాయల చొప్పున తెచ్చిన బుల్లి కుండీలు టీవీ కింద ఎనిమిది పేర్చా. టీవీ యూనిట్ పచ్చళ్ల షాపులో కౌంటర్‌లా ఉండేది. ఎనిమిది చిన్నవాటికంటే ఒక పెద్దది నయం. రంగుల ఆకు తెస్తే కుండీ సాదాగా ఉండాలి. కుండీ మీద ముగ్గులుంటే ఆకు ఒకే పచ్చలో ఉండాలి. రెండూ మాట్లాడితే గదిలో గోల. వస్తువులన్నీ పలకలు పలకలుగా ఉన్న చోట, అంటే టీవీ, సోఫా, కప్‌బోర్డుల మధ్య, వంగి వాలే ఆకు బాగుంటుంది. అందుకే మనీ ప్లాంట్‌ని నేను తక్కువగా చూడను. అందరిళ్లలో ఉంటుందని మనకి అలుసు. కప్‌బోర్డు మీది నుంచి మూడడుగులు కిందికి జారనిచ్చి, ఆకుల మీద దుమ్ము వారానికోసారి తడిగుడ్డతో తుడిస్తే దాన్ని మించింది లేదు. దాని సొంతూరు పసిఫిక్ మహాసముద్రంలో మూరియా అనే చిన్న దీవి. పువ్వు పూయడానికి కావాల్సిన ఒక హార్మోన్ దాని ఒంట్లో తయారవదు కాబట్టి మామూలుగా పూయనే పూయదు. అయినా తీగ ముక్క పంచుకుంటూ మనుషులే దాన్ని ప్రపంచమంతా తిప్పారు. తీగ కత్తిరించేటప్పుడు కణుపు కింద కత్తిరించాలి. వేరు వచ్చేది కణుపు దగ్గరే. కణుపు లేని ఆకు నీళ్లలో నెలల తరబడి పచ్చగానే ఉంటుంది గానీ మొక్క కాదు. ఏ దిక్కున పెడితే డబ్బొస్తుందని నన్నడక్కండి, నా ఇంక్రిమెంట్ చూస్తే మీకే అర్థమవుతుంది.

కొన్నవి చివరికి అయిదు. బెడ్‌రూమ్ కిటికీ పక్కన రబ్బరు మొక్క, ముదురు ఆకులది. అదీ మర్రి చుట్టమే, కానీ ఫిడిల్ లీఫ్ అంత పెంకిది కాదు. ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో పుట్టిన చెట్టు. మేఘాలయలో ఖాసీలు వాగుల మీద బతికున్న వేళ్లతో అల్లే వంతెనలు దీనివే. వంతెన మోసే చెట్టు మన పరదాని ఏమాత్రం లెక్కచేయదు. డైనింగ్ టేబుల్ దగ్గర 400 లక్స్‌లో స్నేక్ ప్లాంట్. దాన్ని చూడగానే అమ్మ “ఇది చాగ కదా” అంది. మన వైపు నార తీసి తాళ్లు పేనే చాగకి ఇది ఆఫ్రికా కజిన్. పసుపు అంచున్న రకం కొన్నవాళ్లకి ఒక మాట: ఆకు ముక్క కోసి నాటితే పిల్ల మొక్కకి ఆ పసుపు అంచు రాదు, వట్టి ఆకుపచ్చే వస్తుంది. దుంప దగ్గర విడదీస్తేనే వస్తుంది. మిగతా మూడింటిలో ఒకటి చెప్పిన అగ్లోనిమా, రెండు జెడ్‌జెడ్.

జెడ్‌జెడ్ రెండెందుకంటే, ఆ మూల కోసం. డెబ్బై లక్స్‌లో ఏ మొక్కా కలకాలం ఉండదు, నీడ మొక్క అని బోర్డు పెట్టినా సరే. నీడని ఓర్చుకోవడం వేరు, నీడని ఇష్టపడటం వేరు. జెడ్‌జెడ్ దుంపల్లో నీళ్లు, తిండి దాచుకుంటుంది కాబట్టి కొన్ని వారాలు ఓర్చుకుంటుంది. మా ఆఫీసులో ఆన్‌కాల్ డ్యూటీ వేస్తారు, ఒక వారం నువ్వు, ఒక వారం నేను. అదే పద్ధతి పెట్టా. ఒకటి మూలలో మూడు వారాలు, ఒకటి బాల్కనీ తలుపు పక్కన విశ్రాంతి. తర్వాత మార్పు. ఇప్పటికి నాలుగు నెలలైంది, రెండూ కొత్త కొమ్మలు వేశాయి.

ఇక దేంట్లో పెట్టాలి? పెద్ద సిరామిక్ కుండీలు చూస్తే రెండువేల పైమాటే. పైగా సగం కుండీలకి అడుగున చిల్లు లేదు. చిల్లు లేని కుండీలో నేరుగా మొక్క నాటడం అంటే బయటికి దారిలేని లూప్ రాసినట్టే. మొక్కని చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని అందమైన పాత్రలో దించాలి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి పోసి, కారడం ఆగాక మళ్లీ పెట్టాలి. ఇది చదువుతుంటే వాషింగ్ మెషీన్ వెనకాల ఏముందో గుర్తొచ్చింది.

“గంగాళంలో మట్టి పోస్తావా?” అమ్మ గొంతు లేచింది. అది అమ్మమ్మ ఇచ్చింది. మా ఇంట్లో జరిగిన ప్రతి శుభకార్యానికి పులిహోర కలిపింది అందులోనే. మట్టి దానికి తగలదు, ప్లాస్టిక్ కుండీ లోపల ఉంటుందని చూపించా. అడుగున కొబ్బరి పీచు చుట్ట పెట్టా. అరగంట ఆలోచించింది. తర్వాత తనే చింతపండు, ఉప్పు తీసుకుని బాత్‌రూమ్‌లో కూర్చుని తోమింది. ముదురాకుపచ్చ జెడ్‌జెడ్, కింద మెరిసే ఇత్తడి, వెనక తెల్ల గోడ. 2,800 మొక్క చేయలేనిది అది చేసింది. అన్నయ్య వచ్చినప్పుడు సోఫాలో కూర్చోకుండా ముందు దాని దగ్గరికే వెళ్లి “ఇది మన గంగాళం కదూ” అని అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. దేవుడి పటాలు కూడా హాల్లోకి వచ్చేశాయిలెండి. మేకు లేకుండా, చిన్న బల్ల మీద.

గాలి శుభ్రం అవుతుందని మొక్కలు కొనేవాళ్లు నాకు ఈమధ్య చాలామంది తగిలారు. ఆ మాటకి మూలం 1989లో నాసా ఇచ్చిన ఒక నివేదిక. అంతరిక్ష నౌకలని దృష్టిలో పెట్టుకుని, గాలి చొరబడని చిన్న గదుల్లో మొక్కలు పెట్టి చేసిన ప్రయోగాలవి. మన ఇల్లు అంతరిక్ష నౌక కాదు, తలుపు సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. 2019లో అమెరికా పరిశోధకులిద్దరు పాత ప్రయోగాలన్నీ లెక్కగట్టి, మామూలుగా ఆడే గాలికి సమానం కావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. మా హాలు సుమారు పదహారు చదరపు మీటర్లు. అంటే తక్కువలో తక్కువ నూట అరవై మొక్కలు. అప్పుడు అమ్మ కుర్చీకే కాదు, సోఫాకీ చోటుండదు. కిటికీ తెరవండి, చాలు. స్నేక్ ప్లాంట్ రాత్రి పూట ఆక్సిజన్ ఇస్తుందని బెడ్‌రూమ్‌లో పెట్టుకోవడం కూడా అంతే. అది రాత్రి కార్బన్ డయాక్సైడ్ పీల్చి దాచుకునే మాట నిజమే గానీ, మన నిద్రకి తేడా తెలిసేంత కాదు.

నీళ్ల దగ్గర ఇంకా నాకూ అమ్మకీ గొడవలున్నాయి. నేను క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టా, వారానికి రెండుసార్లు. అమ్మ వేలు మట్టిలో రెండో గణుపు దాకా దించి చూసి, తడి తగిలితే పోయదు. అమ్మదే సరైన పద్ధతి, ఒప్పుకున్నా. వానాకాలం తడి, ఎండాకాలం ఏసీ, ఇవేవీ క్యాలెండర్‌కి తెలియవు. మాకొచ్చేది ట్యాంకర్ నీళ్లు. ఆకుల మీద చిలకరిస్తే ఆరాక తెల్ల మరకలు పడతాయి, కాబట్టి చిలకరించడం మానేసి తుడవడమే.

పోయిన వారం నాన్న సంవత్సరీకానికి అమ్మ ఊరెళ్లింది. నేను మూడు రోజుల ముందు వెళ్తే చాలు, తను పన్నెండు రోజుల ముందే బయల్దేరింది. ఇల్లు దులపాలి, పెరడు ఎలా ఉందో చూడాలి. ఆటో ఎక్కేముందు నన్ను నిలబెట్టి అప్పగింతలు చెప్పింది. నేను ఫోన్లో రాసుకున్నా.

“రబ్బరు మొక్కకి ఆదివారం చూడు, ఎండితేనే పొయ్యి. ఎర్రగీతల దానికి రెండ్రోజులకోసారి వేలు పెట్టి చూడు. జెడ్‌జెడ్‌కి అసలు పొయ్యద్దు. నీ ప్రేమ దాని మీద చూపించద్దు. శనివారం మూలలోది తలుపు దగ్గరికి, తలుపు దగ్గరది మూలలోకి. గంగాళం పొడిగుడ్డతో తుడువు, తడి ఉంచితే మరకలొస్తాయి.”

“సరేనమ్మా.”

“మర్రి మొక్కకి పొద్దున్నే పొయ్యి. ఎండెక్కాక వద్దు.”

“ఫిగ్ అమ్మా.”

“అదే.” చెప్పులేసుకుని గుమ్మం దాటి, మళ్లీ తలుపులోంచి లోపలికి తొంగి చూసింది. “నా కుర్చీ మాత్రం అక్కణ్ణుంచి కదపకే. మళ్లీ వచ్చాక సర్దుకోవాలంటే నా వల్ల కాదు.”

గౌతమికి టైమైపోతోందని కింద ఆటోవాడు హారన్ కొట్టాడు.